నిచ్చెన గుర్తు గల ఆతురశాల

మనము నిత్యము పలుకు 'ఆసుపత్రి' యను మాట మన భాషలో పుట్టినది కాదు. ఐరోపావారి నుండి వచ్చి, మన నోట నలిగి, తుదకు మనదే యైనది. దాని మూలమును వెదకుచు పోయినచో లాటిను భాషలోని 'హోస్పెస్' అను పదము కడకు చేరుదుము. ఆ పదమునకు అతిథి యనియు, అతిథి నాదరించు గృహస్థు డనియు రెండర్థములు గలవు. అనగా ఆసుపత్రి మొదట మందు లిచ్చు చోటు గాదు. దారిన పోవు అలసినవానికి తల దాచుకొన నీడయు, ఆకలిగొన్నవానికి అన్నమును ఇచ్చు చోటు. అచ్చటికి వచ్చినవారిలో రోగులును ఉండుటచే క్రమముగా వైద్యము అందు చేరినది. మన సత్రము, మన ఆతురశాల, మన అనాథాశ్రమము ఈ మూడును ఒకే కప్పు క్రింద నున్నచో ఎట్లుండునో, మధ్యయుగపు ఐరోపాలోని ఆసుపత్రి అట్లుండెడిది.

ఇట్టి ధర్మములు మన దేశమునకు క్రొత్తవి కావు. కాంచీపురమునకు సమీపమున నున్న తిరుముక్కూడలు ఆలయమునందలి వీరరాజేంద్ర చోళుని శాసనము 11వ శతాబ్దిలో 15 పడకలు గల ఆతురశాల నొకదానిని పేర్కొనుచున్నది. కాకతి రుద్రమదేవి కాలమునాటి మల్కాపురము శాసనము, 1261వ సంవత్సరమునాటిది, ప్రసూతిశాలకును ఆరోగ్యశాలకును చేసిన ఏర్పాటులను తెలుపుచున్నది. అయితే ఆ శాలలు నేడు శాసనములలో మాత్రమే మిగిలినవి. వాని గోడలను మనము తాకి చూడలేము. ఇటలీ దేశమందలి సియెనా నగరమున అట్టి కట్టడము ఒకటి సుమారు తొమ్మిది వందల యేండ్లు పనిచేసి, నేటికిని నిలిచియున్నది. దాని పేరు సాంతా మరియా దెల్లా స్కాలా. ఆ కట్టడమును గూర్చియు, దానిని చూడబోవువారు ఏయే విషయములను గమనింపవలెనో దానిని గూర్చియు ఈ వ్యాసమున వివరింతును. పిల్లలను పెంచువారు దీనిని తెలిసికొనుటకు ప్రత్యేక కారణ మొకటి కలదు. అది క్రమముగా విదితము కాగలదు.

నగరము, బాట

సియెనా నగరము ఇటలీలో టస్కనీ యను ప్రాంతమున, ఫ్లారెన్సు నగరమునకు దక్షిణముగా, రోడ్డు మార్గమున సుమారు 70 కిలోమీటర్ల దూరమున నున్నది. అది కొండలమీద కట్టిన ఊరు. వీధులు ఇరుకుగా, ఎగుడు దిగుడుగా నుండును. ఇండ్లు ఎఱ్ఱని ఇటుకలతో కట్టినవి. నగరమధ్యమున ఆలుచిప్ప ఆకారమున వాలియున్న 'కాంపో' అను విశాలమైన మైదానము గలదు. ఏటేట జూలై 2వ తేదీని, ఆగస్టు 16వ తేదీని అచ్చట జరుగు గుఱ్ఱపు పందెములు లోకప్రసిద్ధములు. ఆ నగరపు ప్రాచీన భాగమును 1995వ సంవత్సరమున యునెస్కోవారు ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చిరి.

ఇట్టి కొండ ఊరిలో అంత పెద్ద ఆతురశాల ఏల వెలసినది? దానికి కారణము బాట. ఇంగ్లండులోని కాంటర్‌బరీ నుండి ఫ్రాన్సు మీదుగా, ఆల్ప్సు పర్వతములు దాటి రోమునకు పోవు యాత్రికుల మార్గము సియెనా గుండా పోవుచుండెడిది. దానిని 'వియా ఫ్రాంచీజెనా' అందురు. కాశీయాత్రకు కాలినడకను పోవు మన పూర్వులవలెనే ఆ యాత్రికులును నెలల తరబడి నడచుచుండిరి. కాళ్లు పుండ్లు పడినవారు, జ్వరపడినవారు, చేత కాసు లేనివారు నగరద్వారము చేరుచుండిరి. వారిని ఆదరించుట పుణ్యకార్యమని నాటి జనుల విశ్వాసము. నగరపు ప్రధాన దేవాలయమున కెదురుగనే, ఆ మెట్లకు అభిముఖముగా ఈ ఆతురశాలను కట్టిరి. 'స్కాలా' అనగా మెట్లు. నిచ్చెనకును అదే పేరు. సాంతా మరియా దెల్లా స్కాలా అనగా మెట్ల కడనున్న మేరీమాత ఆలయమని భావము.

కథయు చరిత్రయు

ప్రతి ప్రాచీన ధర్మసంస్థకును ఒక స్థలపురాణ ముండును. దీనికిని ఒకటి గలదు. 9వ శతాబ్దిలో సోరోరె అను చెప్పులు కుట్టువాడు ఈ శాలను స్థాపించెనని జనులు చెప్పుకొనిరి. అతని తల్లికి ఒక కల వచ్చెనట. ఆ కలలో తల్లిదండ్రులు విడిచిన పసిబిడ్డలు నిచ్చెన నెక్కి ఆకాశమునకు పోవుచుండగా మేరీమాత వారిని చేతు లందించి అక్కున జేర్చుకొనెనట. ఆ నిచ్చెనయే ఆతురశాలకు ముద్ర యైనది. మూడు మెట్ల నిచ్చెన, దాని పైన ఒక సిలువ. ఈ గుర్తును సంస్థకు చెందిన ఇండ్లమీదను, పొలములలోని కట్టడములమీదను చెక్కించిరి. సియెనా వీధులలో నడచువారు తల యెత్తి చూచినచో ఆ గుర్తు నేటికిని అచ్చటచ్చట గోడలమీద కానవచ్చును.

చరిత్రకారులు ఈ కథను చరిత్రగా నంగీకరింపలేదు. ఈ శాలను పేర్కొను పత్రములలో తొలిది 1090వ సంవత్సరమునాటిది. ప్రధాన దేవాలయపు అర్చకవర్గమువారు దీనిని స్థాపించిరి. కాని సంస్థ పెరిగిన కొలదియు, అందు సేవచేయు గృహస్థులైన సోదరులు తమ అధ్యక్షుని తామే యెన్నుకొను హక్కు కావలెనని కోరిరి. 12వ శతాబ్ది చివర మూడవ సెలెస్టీను పోపు ఆ హక్కును ప్రసాదించెను. కాలక్రమమున నగర ప్రభుత్వమువారి పలుకుబడి పెరిగి, 15వ శతాబ్ది మొదట అధ్యక్షుని నియమించు అధికారము వారి చేతికి వచ్చెను. ఇట్లు అర్చకుల నుండి సోదరులకును, సోదరుల నుండి పౌరులకును సంస్థ చేతులు మారినది. పని మాత్రము ఆగలేదు.

చెప్పులు కుట్టువాని కథను ఆ ఊరివారు ఏల ప్రేమించిరో యోచింపదగినది. రాజో, ధనికుడో స్థాపించెనని చెప్పుకొన్నచో సంస్థ ఆతని వంశమువారి సొత్తగును. శ్రమజీవి యొకడు స్థాపించెనని చెప్పుకొన్నచో అది అందరి సొత్తగును. కథ నిజము గాకపోవచ్చును. అది చెప్పుకొన్నవారి కోరిక నిజము.

యాత్రికుల శాల

లోన ప్రవేశించినవారు మొట్టమొదట చూడవలసినది 'పెల్లెగ్రినాయో' అను దీర్ఘమైన మందిరము. పేరునకు యాత్రికుల శాల యని యర్థము. 14వ శతాబ్దిలో కట్టిన ఈ మందిరమున రెండు వరుసలుగా పడకలు వేసెడివారు. 1440 మొదలు 1444 వరకు, జొవాన్ని బుజ్జికెల్లి యను అధ్యక్షుని కాలమున, ఈ గోడలపై పెద్ద పెద్ద చిత్రములు వ్రాయించిరి. వ్రాసినవారు వెక్కియెట్టా, దొమెనికో ది బార్తొలో, ప్రియామో దెల్లా క్వెర్చా అను చిత్రకారులు.

గోడ తడిగా నుండగనే దానిపై రంగులు వేయుట ఈ చిత్రముల పద్ధతి. సున్నము ఆరునప్పుడు రంగు గోడలో కలిసిపోవును. అందుచే అయిదారు వందల యేండ్లు గడచినను అవి నిలిచినవి. అయితే ఈ చిత్రముల గొప్పతనము రంగులలో మాత్రమే లేదు. నాటి ఆలయములలోను, ధర్మశాలలలోను సాధారణముగా దేవతల చరిత్రలను, భక్తుల మహిమలను చిత్రించుచుండిరి. ఇచ్చట మాత్రము ఒక గోడ మీద సంస్థయొక్క పూర్వకథను, రెండవ గోడ మీద సంస్థ ప్రతిదినము చేయుచున్న పనిని చిత్రించిరి. పడకమీద నున్న రోగి కన్నులు తెరచినచో, తన వంటివారికి ఆ శాలలో జరుగు సేవయే గోడమీద కానవచ్చుచుండెడిది.

రోగులకు చేయు శుశ్రూషను చూపు చిత్రము దొమెనికో రచించినది. అందు మధ్యభాగమున తొడపై పెద్ద గాయముతో నున్న యువకుని కాళ్లు కడుగుచున్నారు. శస్త్రవైద్యుడు ప్రక్కనే నిలిచియున్నాడు. ఒకచోట వైద్యులు గాజుబుడ్డిలోని మూత్రమును వెలుతురున కెత్తి పరీక్షించుచున్నారు. నాటి వైద్యశాస్త్రము ప్రకారము దేహమున రక్తము, కఫము, పచ్చపిత్తము, నల్లపిత్తము అను నాలుగు రసములు గలవు. వాని సమత్వము చెడుటయే రోగము. వాతపిత్తకఫముల మాట వినుచు పెరిగిన మనకు ఈ సిద్ధాంతము వింతగా తోచదు. మూత్రపు రంగును బట్టి ఏ రసము హెచ్చినదో వారు నిర్ణయించుచుండిరి. మరియొకచోట రోగి యొకడు స్థూలకాయుడగు సన్న్యాసితో తన పాపములను చెప్పుకొనుచున్నాడు. ముందు నేలమీద ఒక కుక్కయు పిల్లియు పోట్లాడుకొనుచున్నవి. చిత్రకారుడు ఏదియు దాచలేదు. సేవాగృహము శుభ్రమైన స్వర్గమని చెప్పక, నొప్పియు, సందడియు, కుక్కయు, పిల్లియు ఉన్న చోటనే దయయు ఉండునని చూపెను.

దానధర్మములను చూపు మరియొక చిత్రమున పేదలు రొట్టెలు పుచ్చుకొనుచున్నారు. దిగంబరుడైన పేదవాడొకడు ఇచ్చిన వస్త్రమును తలమీదుగా తొడుగుకొనుచున్నాడు. వేరొక చిత్రము ఆతురశాలను విస్తరింపజేయుటను చూపును. నిచ్చెనలు, ఇటుకలు, పనివారు, గుఱ్ఱముపై వచ్చిన పెద్దమనుష్యులు, ఆ హడావుడి యంతయు అందు గలదు. కట్టడమును కట్టినవారిని కూడ గోడకెక్కించుట ఆ చిత్రముల విశేషము.

విడిచిన బిడ్డలు

పిల్లల తల్లిదండ్రులు ఎక్కువసేపు నిలువవలసిన చిత్రము మరియొకటి గలదు. అనాథశిశువులను స్వీకరించుట, పెంచుట, విద్య నేర్పుట, తుదకు ఆడపిల్లకు వివాహము చేయుట అను విషయములను ఒకే గోడపై వరుసగా చూపిన చిత్రమది. 1441, 1442 సంవత్సరములలో దొమెనికో దానిని వ్రాసెను.

ఆ కాలమున పేదరికము వలననో, లోకాపవాద భయము వలననో, తల్లి మరణించుట వలననో కొందరు శిశువులు ఆతురశాల ద్వారమున విడువబడుచుండిరి. ఇటాలియను భాషలో వారిని 'జెత్తతెల్లి' అనిరి. అనగా పారవేయబడిన బిడ్డలు. మాట కఠినమైనది. కాని వారిని స్వీకరించిన సంస్థ వారిని తన కుమారులుగను, కుమార్తెలుగను పిలిచెను. ఈ చిత్రమునకు నేటికిని వాడుకలో నున్న పేరున ఆ వధువును 'ఆతురశాల కుమార్తె' యనియే వ్యవహరింతురు.

పాలు త్రాగు వయసు బిడ్డలను సంస్థ దాదులకు అప్పగించుచుండెడిది. పల్లెలలోని స్త్రీలు వారిని తమ యిండ్లకు కొనిపోయి పాలిచ్చి పెంచుచుండిరి. ఆ పనికి వారికి జీతమిచ్చెడివారు. పెల్లెగ్రినాయో చివరిభాగమున 16వ శతాబ్ది ఉత్తరార్ధమున వ్రాయించిన చిత్రములలో దాదులకు ధాన్యముగను, రొక్కముగను జీతము నిచ్చుట కానవచ్చును. మాతృప్రేమను వెలకట్టుట కాదది. పేదతల్లి శ్రమను ఉచితముగా వాడుకొనకుండుట. బిడ్డలు పెరిగి తిరిగివచ్చిన పిమ్మట మగపిల్లలకు అక్షరములో, వృత్తివిద్యయో నేర్పుచుండిరి. ఆడపిల్లలకు పని నేర్పి, యుక్తవయసున కట్నమిచ్చి వివాహము చేయుచుండిరి. నాటి సంఘమున కట్నము లేని కన్యకు గృహిణి స్థానము దుర్లభము. కాబట్టి సంస్థ తండ్రి స్థానమున నిలిచి ఆ బాధ్యతను వహించెను.

ఇంతమాత్రమున ఆ బిడ్డల జీవితములన్నియు సుఖాంతములని తలపరాదు. శిశువైద్యము లేని ఆ కాలమున అనాథశిశువులలో అనేకులు శైశవముననే కన్నుమూసిరి. గోడమీది పెండ్లికుమార్తె బ్రతికి బట్టకట్టినవారికి ప్రతినిధి. కాని గమనింపదగిన దేమనగా, ఆ సంస్థవారు బిడ్డకు పాలు పట్టుటతో తమ పని తీరెనని తలపలేదు. అన్నము, అక్షరము, వృత్తి, గృహము ఈ నాలుగును చేకూరిన నాడే పెంపకము పూర్తియైనదని వారు నిర్ణయించుకొనిరి. అయిదారు వందల యేండ్ల క్రిందట ఒక ఊరి జనులు ఎవరి బిడ్డలో తెలియని బిడ్డలకు ఇంత చేయవలెనని తలంచుట చిన్న విషయము కాదు.

ధనము ఎక్కడి నుండి వచ్చెను?

ఇన్ని పడకలు, ఇందరు దాదులు, ప్రతిదినము ఇన్ని రొట్టెలు. దీనికంతకును ధనము ఎట్లు సమకూరెనని చదువరులు ప్రశ్నింపవచ్చును. సంస్థలను నడుపువారికి ఈ భాగము చిత్రములకంటెను ఆసక్తికరముగ నుండును.

మొదటిది దానములు. మరణశాసనములలో ఈ శాలకు ఇంతయని వ్రాయుట సియెనా పౌరులకు ఆచారమైనది. కొందరు తమ ఆస్తినే కాక తమ్మును కూడ సంస్థకు సమర్పించుకొని, అందు సేవచేయుచు, వార్ధక్యమున సంస్థయే తమ్ము చూచుకొనునన్న ధైర్యముతో జీవించిరి. 1348వ సంవత్సరమున ఐరోపాను ముంచెత్తిన మహామారి ప్లేగు సియెనాను భయంకరముగా పీడించెను. మృత్యుముఖమున నున్నవారు తమ ఆస్తులను ఆతురశాలకు వ్రాసి యిచ్చుటచే, నగరము కృశించినను సంస్థయొక్క భూములు పెరిగినవి.

రెండవది ఆ భూముల నిర్వహణము. వచ్చిన పొలములను అమ్ముకొని తినక, వానిని వర్గములుగా చేర్చి, ఒక్కొక్క వర్గమునకు కోటవంటి ధాన్యాగారమును కట్టించిరి. వానిని 'గ్రాంచా' అందురు. సియెనాకు దక్షిణముగా నున్న కూనా గ్రామములోని గ్రాంచా నేటికిని నిలిచియున్నది. 14వ శతాబ్ది ఆరంభమున దానిని కట్ట మొదలిడిరి. ధాన్యపు బస్తాలు మోయు కంచరగాడిదలు పై యంతస్తు వరకు నడచిపోవుటకు లోపల వాలుబాట గలదు. పంట పొలము నుండి ఆ గాదెకును, గాదె నుండి నగరమునకును చేరుచుండెడిది. కఱవు కాలమున ఆ ధాన్యమే నగరమునకు ఆధారమగుచుండెడిది. ఈ విధమున రోగి పడకకును రైతు నాగలికిని సంబంధము కలిగినది.

మూడవది నియమములు. 14వ శతాబ్ది పూర్వార్ధమున ఈ సంస్థకు వ్రాసిన నిబంధనలు లాటినులో గాక జనులు మాటలాడు ఇటాలియను భాషలో వ్రాయబడినవి. లాటిను పండితుల భాష, దేవాలయ భాష, న్యాయస్థానముల భాష. కాని శాలలో పడకలు పరచువారికిని, వంట చేయువారికిని, ధాన్యము కొలుచువారికిని అది రాదు. ఎవరు నడువవలెనో వారికి అర్థమగు భాషలో నియమము లుండవలెనని ఆనాటివారు గ్రహించిరి. మాతృభాషలో చదువు చెప్పించుకొనుటకు శ్రమపడు మనవంటివారికి ఈ సూక్ష్మమును వివరించి చెప్పనక్కరలేదు.

మహామారియు సేవకులును

ఆతురశాల వెలుపలి ప్రాంగణమున నిలిచి దేవాలయమువైపు చూచువారికి ప్రక్కగా ఒక వింత గోడ కానవచ్చును. ఆకాశమునకు లేచిన ఆ గోడకు వెనుక మందిరము లేదు. సియెనావారు 1339వ సంవత్సరమున తమ దేవాలయమును లోకములోనికెల్ల పెద్దదిగా చేయదలచి పని ప్రారంభించిరి. ప్లేగు వచ్చి, జనము నశించి, ధనము తరిగి ఆ పని నిలిచిపోయెను. దేవాలయపు విస్తరణము ఆగినది. దాని కెదురుగా నున్న ఆతురశాల మాత్రము ఆ సంవత్సరములలోను తలుపులు మూయలేదు. ఈ రెంటిని ఒకే చోట నిలిచి చూడగలుగుట ఆ ప్రాంగణపు విశేషము.

ఈ శాలలో సేవచేసినవారిలో ఇద్దరి పేర్లు క్రైస్తవలోకమున సుప్రసిద్ధములు. మొదటిది రంగులద్దు వ్యాపారి కుమార్తెయైన కేథరీను. ఆమె 1347లో జన్మించి 1380లో మరణించెను. రోగులకు ఆమె ఇచ్చట శుశ్రూష చేసెను. సేవచేసి అలసిన రాత్రులలో ఆమె ప్రార్థించి విశ్రమించెనని చెప్పు చిన్న గదియు, ప్రార్థనామందిరమును క్రింది భాగమున నేటికిని చూపుదురు. రెండవవాడు బెర్నార్దీనో. 1400వ సంవత్సరమున ప్లేగు మరల రాగా, సేవకులు పెక్కురు మరణించిన ఆ శాలకు, ఇరువది యేండ్ల వయసున నున్న ఆతడు తన మిత్రులను వెంటబెట్టుకొని వచ్చి, నెలల తరబడి రోగులను చూచుకొనెను.

తక్కిన గదులు

పెల్లెగ్రినాయో చూచిన పిమ్మట, సందర్శకులు పాత సామగ్రిశాలకు పోవలెను. 1359వ సంవత్సరమున ఈ సంస్థ కాన్‌స్టాంటినోపిలు నుండి తెచ్చిన పవిత్రావశేషములను కొనెను. వానిని భద్రపరచు బీరువా తలుపులకును, ఆ గది గోడలకును వెక్కియెట్టా రంగులు వేసెను. అవశేషములను చూడవచ్చు జనసమూహము వలన సంస్థకు కానుకలును వృద్ధియైనవి. ప్రక్కనే గల ఆలయమున వెక్కియెట్టా పోతపోసిన కంచు విగ్రహ మొకటియు, గర్భాలయపు గోడపై సెబాస్టియానో కోంకా 18వ శతాబ్దిలో వ్రాసిన మహాచిత్రమును గలవు. కోంకా చిత్రమున రోగులు స్వస్థత కోరి ఒక కోనేటి చుట్టు చేరియున్నారు. ఆతురశాల ఆలయమున కది తగిన విషయము.

కట్టడపు ముఖభాగమున ఒకప్పుడు సిమోనే మార్తీనియు, పియెత్రో, అంబ్రోజో అను లోరెంజెట్టి సోదరులును చిత్రములు వ్రాసియుండిరి. అవి కాలక్రమమున నశించినవి. బయటినుండి చూచువారికి నేడు కానవచ్చునది సాదాయైన ఇటుక రాతి గోడ మాత్రమే. లోన ఇంత సంపద యున్నదని ఆ గోడను చూచి ఊహింపజాలము.

కొండవాలున కట్టుటచే ఈ కట్టడము పైనుండి చూచినప్పటికంటె లోన మిక్కిలి లోతు. ఒక్కొక్క అంతస్తు క్రిందికి దిగిన కొలదియు కాలము కూడ వెనుకకు పోవుచున్నట్లుండును. ఒకచోట గడ్డి నిలువచేసిన పాత శాలలో, జాకొపో దెల్లా క్వెర్చా 15వ శతాబ్ది ఆరంభమున చెక్కిన 'ఫోంతే గాయా' అను జలాధారముయొక్క అసలు పాలరాతి శిల్పములను ఉంచిరి. ఎండకు వానకు అవి శిథిలమగుచుండగా 19వ శతాబ్దిలో వానిని తీసి, కాంపో మైదానమున ప్రతిరూపమును నిలిపిరి. ఇంకను క్రిందికి దిగినచో కొండను తొలిచిన సొరంగములవంటి దారులలో పురావస్తు ప్రదర్శనశాల గలదు. రోమకులకు పూర్వము ఆ ప్రాంతమున వసించిన ఎత్రుస్కనుల అస్థికాపాత్రలను, సమాధి శిల్పములను అందు చూడవచ్చును.

ఆతురశాల మ్యూజియమైన విధము

మధ్యయుగము గడచినను వైద్యము ఇచ్చట ఆగలేదు. 1555లో సియెనా తన స్వాతంత్ర్యమును కోల్పోయి ఫ్లారెన్సువారి యేలుబడిలోనికి పోయెను. అప్పుడును సంస్థ సాగినది. 18వ శతాబ్ది తరువాత అనాథశరణాలయపు లక్షణములు తగ్గి, విశ్వవిద్యాలయముతో కూడిన వైద్యవిద్యాలయమునకు అనుబంధమైన ఆసుపత్రిగా అది మారినది. 1787లో దేహములోని శోషరస నాళములపై ప్రసిద్ధ గ్రంథమును ప్రకటించిన పావొలో మస్కాన్యీ సియెనా విశ్వవిద్యాలయమున శరీరనిర్మాణ శాస్త్రాచార్యుడే.

చిత్రములు గల ఆ దీర్ఘమందిరమున 20వ శతాబ్ది ఉత్తరార్ధము వరకు పడకలు వేసి రోగులను ఉంచిరన్న, నేటివారికి నమ్మశక్యము కాదు. ఇటలీ దేశపు సుప్రసిద్ధ రచయిత ఇటాలో కాల్వీనో 1985వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీని ఈ ఆసుపత్రియందే మరణించెను. అప్పటికే నగరము వెలుపల కొత్త ఆసుపత్రి వెలసినది. పాత కట్టడమున ఆధునిక యంత్రములకు చోటు చాలదు. గోడలకు మేకు కొట్టినను చిత్రమునకు హాని కలుగును. కాబట్టి వైద్యవిభాగములు ఒకటొకటిగా తరలిపోయి, ఆ శతాబ్ది చివరి దశకమున కడపటి రోగులును వెడలిరి. పిదప కట్టడమును మరమ్మతుచేసి ప్రదర్శనశాలగా తెరచిరి.

రోగులు పోయిన ఆసుపత్రి ఆసుపత్రియేనా యని సియెనాలో చర్చ జరుగక మానలేదు. ఇది న్యాయమైన ప్రశ్న. గోడలను కాపాడుట వేరు, గోడల లోపలి పనిని కాపాడుట వేరు. సియెనావారు పనిని క్రొత్త ఆసుపత్రికి తరలించి, జ్ఞాపకమును పాత గోడలలో నిలిపిరి. రెంటిలో ఏది పోయినను నష్టమే యగుచుండెను.

చూడబోవువారికి కొన్ని సూచనలు

ఉన్నత విద్యకో, ఉద్యోగమునకో ఐరోపాకు పోయిన మన పిల్లలు నేడు తల్లిదండ్రులను అచ్చటికి పిలుచుట సామాన్యమైనది. ఫ్లారెన్సు వరకు పోయినవారు ఒక దినము సియెనాకు కేటాయింపవచ్చును. దేవాలయమును చూచి అలసి, ఎదుటి కట్టడమును విడిచిపోవువారు పెక్కురు. అట్లు చేయరాదు. కనీసము మూడు గంటల కాలము దీనికి ఉంచుకొనవలెను. మెట్లు ఎక్కువ, క్రింది అంతస్తులు చల్లగా నుండును. పెద్దవారు నెమ్మదిగా దిగవలెను. పెల్లెగ్రినాయోలో మొదట ఒక చివర నిలిచి మందిరమును మొత్తముగా చూచి, పిదప ఒక్కొక్క చిత్రము కడకు పోవుట మంచిది. పిల్లలు వెంట నున్నచో వారిని ముందుగా కుక్కను, పిల్లిని వెదకుమని చెప్పవలెను. అవి దొరికిన పిమ్మట గాయపడిన యువకుని వారే చూతురు, వాని పాదములు కడుగుచున్న చేతులనును వారే చూతురు. అటుపిమ్మట నిచ్చెన గుర్తును ఎన్నిచోట్ల కనుగొనగలరో లెక్కింపుమనవలెను.

ఈ ఆతురశాలనుండి మనము గ్రహింపదగిన విషయము ఒకటున్నది. తొమ్మిది శతాబ్దములు ఒక ధర్మసంస్థ నిలుచుటకు మహాపురుషు డొక్కడు చాలడు. కేథరీను ముప్పది మూడేండ్లకే మరణించెను. బెర్నార్దీనో కొన్ని నెలల సేవ చేసి వేరొక మార్గమున పోయెను. సోరోరె యుండెనో లేదో యెవరికిని తెలియదు. సంస్థను నిలిపినవారు ధాన్యము కొలిచి లెక్క వ్రాసినవారు, జీతము తీసికొని పరుల బిడ్డకు పాలిచ్చిన పల్లెటూరి స్త్రీలు, మరణశాసనమున చిన్న పొలమును వ్రాసినవారు, పడక దుప్పట్లు ఉతికినవారు. వారిలో పెక్కురి పేర్లు మనకు తెలియవు. కాని అధ్యక్షుని ముఖముతోపాటు వారి ముఖములును ఆ గోడలపై నిలిచియున్నవి.

బిడ్డను పాఠశాలకు పంపి, ఏటేట తనకు చేతనైన చందా నిచ్చి, సభకు వచ్చి లెక్కలు విని పోవు తల్లిదండ్రులు తాము చేయుచున్నది స్వల్పమని తలచుట సహజము. నిచ్చెనకు మెట్లు మూడే యున్నను, ఒక్కటి విరిగినచో బిడ్డ పైకి చేరజాలదు.